రగ్గు కప్పిన బ్యాటరీ

అశోక్‌నగర్,
3-12-93.

మిత్రుడు బాలకిషన్‌కి, కాశీవిశ్వనాథం వ్రాయునది.

నువ్వు ఆదిలాబాద్ వెళ్లి నెల దాటింది. చేరినట్టు ఒక కార్డు ముక్కయినా లేదు. నారాయణగూడలో నీ బ్యాటరీల కొట్టు షట్టరు మీద ఎవరో సినిమా పోస్టరు అతికించారు. రోజూ ఆఫీసుకి పోతూ చూస్తున్నాను. లారీల సేటు దగ్గర ఆరునెలల పని అన్నావు గాని, ఆ సేటు నిన్ను ఆరునెలలు భరిస్తాడని నాకు నమ్మకం లేదు.

అసలు సంగతికి వస్తాను. నా బుల్లెట్ పొద్దున్నే స్టార్టు కావడం లేదు. ఇందిరా పార్కు వైపు నుంచి వచ్చే మంచుకి సీటంతా తడిసిపోతోంది. కిక్కు కొట్టీ కొట్టీ మోకాలు పట్టేసింది. హారన్ నొక్కితే పిల్లి మూలిగినట్టుంది. హెడ్‌లైటు నిప్పుకణంలా ఎర్రగా వెలిగి ఊరుకుంటోంది. అదే బండి మధ్యాహ్నం ఆఫీసు దగ్గర ఎండలో ఉంటే, సాయంత్రం ఒక్క తన్నుకే లేస్తుంది. మా ఇంటాయన జగన్నాథరావుగారు కింది వాటాలోంచి కాఫీ గ్లాసుతో వచ్చి, మీరు కొన్నది బండా, వ్యాయామ సాధనమా అని అడిగి మరీ వెళ్లారు.

చిక్కడపల్లిలో ఒక మెకానిక్ చూసి బ్యాటరీ పోయింది, కొత్తది వేయమన్నాడు. పదేళ్లుగా ఆ బండి నాడి చూస్తున్నది నువ్వు. నువ్వు చెప్పందే నేను వేయను. ఏం చేయాలో వరసగా రాయి. నీ కాగితం ఎదురుగా పెట్టుకుని నువ్వు రాసింది రాసినట్టు చేస్తాను.

తన్మయికి ఏడో ఏడు వచ్చింది. బాలకిషన్ మామ ఎప్పుడొస్తాడని అడుగుతోంది. రత్నమాల నమస్కారాలు చెప్పమంది.

నీ
కాశీవిశ్వనాథం


ఆదిలాబాద్,
8-12-93.

విశ్వనాథం సారుకు, బాలకిషన్ దండం పెట్టి రాసేది. దండం వరకు నిజం. మిగిలింది నువ్వే తేల్చుకో.

నీది చలి అంటే ఈడి కోళ్లు నవ్వుతయి. డ్రైవర్లు స్టీరింగ్ పట్టాలంటే చేతులకు సాక్సులు తొడుక్కుంటున్నరు. పొద్దుగాల సేటు వచ్చి బ్యాటరీలు ఎందుకు లేస్తలేవు అంటడు. నేనే లేస్తలేను, అవెట్ల లేస్తయి సేటూ అన్న. గప్పటి సంది నాతోని మాటల్లేవు. పానం హాయిగున్నది.

ఇగ నీ బండి సంగతి. ఎండల లేచి మంచుల పండుతున్నదంటే బ్యాటరీ చావలే. లోపలి యాసిడ్ చలికి మొద్దుబారుతది, మీ ఆఫీసర్ల లెక్క. ఎండ నెత్తికెక్కినంక పని చేస్తది. కొత్తది వెయ్యమన్నోని పేరు రాసి పంపు, వచ్చినంక వాని సంగతి చూస్త.

ముందుగాల సైడు డబ్బా తెరిచి వైర్లు బిగించిన కాడ చూడు. తెల్లగ ఉప్పు పూసి ఉంటది. వేణ్నీళ్లు పోసి పాత బ్రష్‌తోని తోము, తుడిచి వ్యాజలైన్ రాయి. చెల్లె రత్నమాల మొహానికి రాసుకునేది ముట్టకు, నీ మొహానికి దాని అవసరం ఎట్లాగూ లేదు, నీ వాటాది వాడు. తర్వాత బ్యాటరీ బిరడాలు తీసి లోపల నీళ్లు గీత దాక ఉన్నయా చూడు. తగ్గితే దుకాన్ల అమ్మే డిస్టిల్ వాటర్ పొయ్యి, నల్లా నీళ్లు పొయ్యకు. పొద్దుగాల తాళం తిప్పకుండ జర నాలుగు కిక్కులు కొట్టు. చలికి పేరుకున్న ఆయిల్ వదులైతది. అప్పుడు తాళం తిప్పి కొట్టు.

ఇంకో ఇకమతు, కిటుకు ఉన్నది. మా నాయన నాకొక్కనికే చెప్పిండు. రాత్రి బ్యాటరీ విప్పి ఇంట్లకు తెచ్చుకో. చంటిపిల్లకు కప్పినట్టు నిండ రగ్గు కప్పు. గాలి సొరని చిన్న రూముల పండబెట్టు. జోల పాడితే ఇంకా మంచిది. ఏ రాగమైనా నడుస్తది, దానికి సంగీతం తెల్వదు, నీకూ తెల్వదు. వారంల నీ బండి నిన్ను పేరు పెట్టి పిలుస్తది చూడు.

తన్మయికి ఈడ సీతాఫలాలు అయిపోయినయని చెప్పు. నేనే తిన్నననేది చెప్పకు.

బాలకిషన్


అశోక్‌నగర్,
17-12-93.

బాలకిషన్,

మీ నాన్నగారి ఆత్మకు శాంతి కలగాలి. నీ వైద్యం పారింది.

నీ ఉత్తరం అందిన రోజే అన్నీ వరసగా చేశాను. ఉప్పు తోమాను, వ్యాజలైన్ రాశాను, నీళ్లు పోశాను. ఆ రాత్రి నుంచే బ్యాటరీని లోపలికి తెస్తున్నాను. మా ఇంట్లో గాలి చొరని గదంటే దేవుడి గదే, కిటికీ లేదు. అక్కడ పీట వేసి, మా అమ్మ వాడిన పాత కాశ్మీరు రగ్గు చుట్టి పడుకోబెడుతున్నాను. జోల నేను పాడలేదు, ఆ పని తన్మయి తీసుకుంది. మొదటి రోజు రత్నమాల నా మొహం చూసి నవ్వింది. మర్నాడు బండి మూడో తన్నుకి లేస్తే నవ్వు మానేసింది. జగన్నాథరావుగారు కూడా బయటికి వచ్చి ఏం చేశారని అడిగారు. మీ నాన్నగారు నీ ఒక్కడికే చెప్పిన రహస్యం కదా, చెప్పలేదు.

నీ వైద్యానికి నేను చిన్న మెరుగు పెట్టాను. కోఠీలో బ్యాటరీ చార్జరు కొన్నాను. రాత్రి పడుకోబోయే ముందు దానికి తగిలించి రగ్గు కప్పేస్తాను. పొద్దున్న నేను స్నానం చేసి వచ్చాక విప్పుతాను. వెచ్చదనమూ ఉంటుంది, బలమూ వస్తుంది. ఇప్పుడు బండి మొదటి తన్నుకే లేస్తోంది.

నిన్నటి నుంచి ధనుర్మాసం. రత్నమాల తెల్లవారకముందే లేచి అక్కడే దీపం పెట్టుకుంటోంది. తన్మయి కూడా వాళ్లమ్మతో లేస్తోంది, పూజ మీద భక్తితో కాదు. రగ్గు మీద చెవి ఆనించి వింటుంది. బ్యాటరీకి తమ్ముడని పేరు పెట్టింది. తమ్ముడు పాలు తాగి గుడగుడమంటున్నాడని వంటింట్లోకి వచ్చి చెబుతుంది. నీకు వినిపించాలని ఉంది.

నీ
కాశీవిశ్వనాథం


ఆదిలాబాద్,
21-12-93.

సారూ,

నీ జాబు డ్రైవర్ల ముంగట కూసోని గట్టిగ చదివిన. కాశ్మీరు రగ్గు కాడ ఒకడు బీడీ మింగినంత పని చేసిండు. జోల కాడ అందరం పడి పడి నవ్వినం. చార్జరు కాడికి వచ్చేసరికి చదువుడు ఆపిన. వాళ్లు ఇంకా నవ్వుతనే ఉన్నరు, తర్వాత ఏమైంది చదువు అంటున్నరు. నేను కాగితం మడిచి జేబుల పెట్టుకున్న.

జర నెమ్మదిగ చదువు. రగ్గు సంగతి తమాషాకు రాసిన. మా నాయన ఎన్నడూ చెప్పలే, ఆయనకు సైకిల్ డైనమో తప్ప ఏం తెల్వదు. రాత్రి ఇంట్లకు తెచ్చుడు ఒక్కటి మంచిదే, చల్లబడకుండ ఉంటది. నీ బండి లేచింది గందుకు, ఉప్పు తోమినందుకు, నీళ్లు పోసినందుకు. రగ్గుతోని కాదు.

చార్జింగ్ ఎక్కుతున్న బ్యాటరీ గ్యాసు ఇడుస్తది. గుడగుడ అనేది గదే. ఆ గ్యాసు కంటికి కనబడదు, వాసన కూడ రాదు. గాలి ఆడే తావుల ఉంటే పైకి లేచి పోతది. నువ్వేమో దానికి రగ్గు కప్పి, కిటికీ లేని రూముల పెట్టి, పక్కన దీపం ముట్టిస్తున్నవు. బొంబాయి నుంచి పటాకులు తెప్పించినా ఇంత మంచిగ కుదరదు. పేలితే నీ మీసాలు పోతయి, వాటి ఎనుక ఉన్న మొహం కూడ పోతది. మొహం పోతే పోనీ, లోపల యాసిడ్ ఉన్నది.

ఇంట్ల చార్జింగ్ బంద్ చెయ్యి. పెట్టాలంటే పగటిపూట, మేడ మీద, బిరడాలు వదులు చేసి పెట్టు. తమ్ముని కాడికి పిల్లను పోనియ్యకు. చదివిన ఎంటనే జవాబు రాయి. నిజంగ చెప్తున్న.

బాలకిషన్


అశోక్‌నగర్,
26-12-93.

బాలకిషన్,

నీ ఉత్తరం రత్నమాలకి చదివి వినిపించాను. నిజంగ చెప్తున్న అన్న చోట ఇద్దరం ఒకేసారి నవ్వాం.

నాకు శ్రీకాకుళం బదిలీ అయిందని టెలిగ్రాం ఇచ్చినప్పుడూ నిజమే అన్నావు. రత్నమాల సామాను సర్దింది. చిక్కడపల్లి లైబ్రరీలో నా పేరు మీద తిరిగివ్వని పుస్తకాలున్నాయని, పోలీసులు వస్తారని చెప్పినప్పుడూ నిజమే అన్నావు. జగన్నాథరావుగారికి నీళ్ల ఆఫీసు నుంచని ఫోను చేసి, కుళాయి కింద రిసీవరు పట్టుకుని చప్పుడు వినిపించమన్నది ఎవరు? మొన్న నువ్వు చేసిన ఫోను కూడా ఆయన అందుకే పెట్టేశారు. బ్యాటరీ అనగానే నీ గొంతు గుర్తుపట్టారట. ఈసారి నన్ను తడపలేడు అని పైకి వచ్చి చెప్పి మరీ పోయారు.

నేను ఆలోచించాను. నువ్వు చెప్పిన వైద్యం పని చేసింది, అది నా కళ్లతో చూశాను. పని చేసిందని తెలిశాక నువ్వు అది అబద్ధం అంటున్నావు. నన్ను భయపెట్టి, వణుకుతూ బ్యాటరీని మేడ మీదికి మోయించి, నీ లారీ డ్రైవర్లకు ఇంకో కథ చెప్పుకోవాలని. పదేళ్లలో ఆ మాత్రం నేర్చుకున్నాను.

అయినా నీ బిడ్డ కులాసా చెబుతాను. ఈ మధ్య నీళ్లు బాగా తాగుతున్నాడు, రెండు రోజులకోసారి పోయాల్సి వస్తోంది. ఒంటి మీద చెయ్యి వేస్తే కాలుతోంది. తమ్ముడికి జ్వరం అని తన్మయి తడిగుడ్డ తెచ్చింది. దేవుడి గదిలో ఎలుకలు చేరినట్టున్నాయి, మా అమ్మ రగ్గుకి జల్లెడలా చిల్లులు పడ్డాయి. చచ్చిన ఎలుక ఉందేమోనని మూలమూలలా వెతికాం, ఏదో కుళ్లిన కోడిగుడ్డు లాంటి వాసన. రత్నమాల పక్కవాటా వాళ్లని అనుమానిస్తోంది. తెల్లారి గదిలోకి వెళితే తనకి గొంతు మండుతోందిట, చలిగాలి పడలేదు.

నీ వేళాకోళం వదిలి సంక్రాంతిలోపు ఒకసారి రా.

కాశీవిశ్వనాథం


ఆదిలాబాద్,
29-12-93.

చెల్లె రత్నమాలకు,

బాలకిషన్ రాసేది. ఇది నువ్వు చదువు. సారు నమ్మడు.

రగ్గుకు పడ్డవి ఎలుకలు కొట్టిన చిల్లులు కావు. యాసిడ్ ఆవిరికి కాలినయి. ఆ వాసన గుడ్డుది కాదు, మించి ఉడికిన బ్యాటరీది. బ్యాటరీ కాలుతున్నదంటే చార్జింగ్ మించిపోయింది. నీ గొంతు మండేది గందుకే. ఆ రూముల గ్యాసు ఉన్నది, నీకు కనబడదు.

అండ్ల దీపం పెట్టకు. అగ్గిపుల్ల గియ్యకు. పిల్లను ఇంట్ల ఉంచకు, కిందికి పంపు. తలుపులన్ని తెరువు. వైర్లు ఎంటనే ఊడదీయించి బ్యాటరీ బయట పెట్టించు. ఎవరి మీదన్న యాసిడ్ పడితే నీళ్లు పొయ్యి. పోస్తనే ఉండు, ఆపకు.

సేటు సెలవియ్యలే. ముషీరాబాద్ వచ్చే లారీ ఇప్పుడే పోతున్నది, డ్రైవరుతోని పంపుతున్న. నీ చేతికే ఇయ్యమన్న.

బాలకిషన్


అశోక్‌నగర్,
4-1-94.

అన్నయ్యగారికి, రత్నమాల నమస్కరించి వ్రాయునది.

మీ డ్రైవరు తెల్లవారుతూ వచ్చాడు. నేను దీపానికి వత్తి వేస్తున్నాను. వీధి లైటు కింద నిలబడి మీ ఉత్తరం చదివాను. మీరు ఎప్పుడు రాసినా మూడో వాక్యంలో నవ్వు వచ్చేది. ఇది చివరిదాకా చదివినా నవ్వు రాలేదు. నేను పైకి పరుగెత్తింది అందుకే, గ్యాసు సంగతి నాకేం తెలుసు.

తన్మయి అప్పటికే లేచి దేవుడి గది గడపలో ఉంది. ఎత్తుకుని కింద జగన్నాథరావుగారింట్లో దింపి వచ్చాను. ఏడ్చింది, తమ్ముడికి జోల పాడలేదని. తలుపులు తెరిచాను. దీపం పెట్టలేదు.

ఆయన స్నానం చేసి వచ్చారు. ఉత్తరం నా చేతిలోంచి తీసుకుని చదివారు. నవ్వారు. ఈసారి వల నీకు వేశాడన్నమాట అన్నారు. నేను గది ముందు నిలబడి, అది బయటికి పోతేగాని ఈ ఇంట్లో పూజ లేదు, కాఫీ లేదు అన్నాను. పెళ్లయ్యాక ఆయనతో అంత గట్టిగా మాట్లాడింది అదే మొదలు. ఆయన తువ్వాలు భుజాన వేసుకుని, "సరే, మీ అన్నయ్య గెలిచాడు, నువ్వే చెప్పు వాడికి" అంటూ లోపలికి వెళ్లారు.

రగ్గు తీశారు. రోజూ గోడ దగ్గర ఏదో నొక్కి వచ్చి విప్పేవారు. ఆ వేళ వంగి, మీరు రాసినట్టే వెంటనే వైరు ఊడబెరికారు. చిన్న నీలం మెరుపు కనిపించింది. తర్వాత చప్పుడు. కింద వాళ్లు పాత్రల అల్మరా పడిందనుకున్నారట. బ్యాటరీ పైకప్పు లేచిపోయింది. ఆయన రెండు చేతులూ మొహానికి అడ్డం పెట్టుకుని గోడ తడుముకుంటూ బయటికి వచ్చారు. అరవలేదు. రత్నా, నీళ్లు, అన్నారంతే.

బిందెలన్నీ పోశాను. కుళాయి దగ్గర కూర్చోబెట్టి పోస్తూనే ఉన్నాను. ఆపమని బతిమాలారు, ఆపలేదు, మీరు రాశారు కదా. ఆటోలో కూడా చెంబుతో పోస్తూనే ఉన్నాను. కంటి ఆసుపత్రిలో డాక్టరుగారు ఆ నీళ్లే మేలు చేశాయన్నారు. ఎడమ కన్ను నిలుస్తుందన్నారు. కుడి కన్ను గురించి నేను అడిగితే వేరే రోగి వైపు తిరిగారు. రెండింటికీ పట్టీలు కట్టారు. వచ్చే సోమవారం విప్పుతారు.

ఆ వేళకి రోజూ తన్మయి చెవి ఆ రగ్గు మీద ఉంటుంది. మీరు నా బిడ్డని కాపాడారు. ఆ మాట ఎలా రాయాలో తెలియక ఇంత రాశాను.

ఆయన రోజూ సాయంత్రం ఒక్కటే అడుగుతారు, బాలకిషన్ రాశాడా అని. నిన్న అన్నారు, "ఇకమీదట వాడు ఏది రాసినా నమ్ముతాను. చదివి పెట్టు." అందుకే అడుగుతున్నాను. కన్ను తప్పకుండా వస్తుందని రాయండి. ఇలాంటివి మీరు చాలా చూశారని, అందరికీ చూపు వచ్చిందని రాయండి. నేను చెబితే ఓదార్పు అనుకుంటారు. మీరు రాస్తే నమ్ముతారు. సోమవారం దాకా ఆయనకి నిద్ర పడితే చాలు.

మీ చెల్లెలు
రత్నమాల


ఆదిలాబాద్,
7-1-94.

చెల్లె రత్నమాలకు,

నువ్వు రాయుమన్నది రాయబోయిన. విశ్వనాథం సారూ, మా దుకాన్ల ఇట్లాంటి కేసులు మస్తు చూసిన అని మొదలుపెట్టిన. చించేసిన. మల్ల రాసిన. గది కూడ చించిన. పదేండ్ల సంది ఆయనకు ఉత్తపుణ్యానికి అబద్ధాలు చెప్పిన, ఒక్కటి కూడ చించలే. ఇయ్యాల ఒక్కటి అవసరానికి రాయుమంటే రాయొస్తలేదు.

గందుకు ఇంకోటి రాస్తున్న. ఇది సారుకు చదివి వినిపియ్యి. నవ్వు రాకపోతే నీ తప్పు కాదు.

చార్జింగ్ మీదున్న బ్యాటరీ ముట్టాలంటే ముందుగాల గోడ మీది స్విచ్చి ఆర్పాలె. గ్యాసు పోయేదాక ఆగాలె. అప్పుడు వైరు ముట్టాలె. స్విచ్చి ఆర్పకుండ వైరు పీకితే మెరుపు వస్తది. నారాయణగూడల నా దుకాన్ల అడుగు పెడుతనే నా చెయ్యి స్విచ్చి మీదికి దానంతట అదే పోతది. చెప్పాల్సిన మాట అని నా తలకాయలకే రాలే. ఊపిరి తీసుకో అని ఎవలన్నా రాస్తరా. నీకు రాసిన జాబుల దీపం రాసిన, అగ్గిపుల్ల రాసిన, ఎంటనే ఊడదీయుమని రాసిన. స్విచ్చి రాయలే.

సారు నేను రాసింది రాసినట్టు చేస్తడు. మొదటి జాబులనే చెప్పిండు. చేసిండు.

రగ్గు తమాషాది. దానికి ఆయన నన్ను ఎంత తిట్టినా పడుత. అండ్ల కన్ను పోలే. కన్నుకు దెబ్బ తగిలింది నేను నవ్వకుండ రాసిన జాబుతోని. పిల్లను కాపాడిన అన్నవు. పిల్లను ఎత్తుకపోయింది నువ్వు. నీళ్లు పోసింది నువ్వు. నా పేరు మీద ఏం రాసుకోకు.

కుడి కన్ను వస్తదా రాదా నాకు తెల్వదు. ఆయన అడిగితే గిదే చెప్పు, బాలకిషన్‌కు తెల్వదంట అని. నమ్ముతడో లేదో చూడు. ఆ రోజు లారీ నా కండ్ల ముంగటనే బయలుదేరింది, డ్రైవరు పక్కన సీటు ఖాళీగనే ఉండె. సేటు సెలవు ఇయ్యలేదని ఆగిన. ఇప్పుడు సెలవు అడగలే. సామాను ఈడ్నే ఇడిచి ఆదివారం బస్సుకు వస్తున్న.

సోమవారం పట్టీ విప్పేటప్పుడు ఆయన ముంగట స్టూలేసుకోని నేను కూసుంట. నువ్వు పిల్లను తీసుకోని ఎనుక నిలబడు. కనబడితే మొదలు నా మొహమే కనబడాలె, కడుపు నిండ తిట్టుమను. కనబడకపోయినా తిట్టుమను. నేను ఎదురుగనే ఉంట, ఎటూ పోను.

బాలకిషన్